చలిలో అడగాలి

ఫ్రీజరు కింది అర మెత్తబడిందని
మొదట కనిపెట్టింది నా బొటనవేలు.
కాడ్ చేప పొట్లం మీద నొక్కితే సొట్ట పడింది,
పడి, అలాగే ఉండిపోయింది.
పై అరలో మాత్రం మూస్ మాంసం ఇంకా రాయి.

బయట మైనస్ పద్నాలుగు.
"అంతా తీసి గుమ్మం ముందు పెట్టెయ్, పోయె" అన్నాడు సెల్బీ.
నక్కలకి ఎవరు చెప్తారయ్యా అన్నాను.
పైగా న్యూఫౌండ్‌లాండ్ జనవరిని నమ్మడమా,
రేపు వాన, ఎల్లుండి మళ్ళీ గడ్డ.

లోపలి వెనక పలక విప్పాను. ఎనిమిది మరలు.
గొట్టాలు కనబడనే లేదు,
గొర్రె వీపులా తెల్లగా, మందంగా మంచు.
ఫ్యాను రెక్క దానికి తగిలి
పన్ను నొప్పి మనిషిలా రాత్రంతా సణుగుతోందన్న మాట.

ఆ మంచుని కరిగించడానికి హీటరొకటి ఉంటుంది.
దానికి వేళ చెప్పే టైమరొకటి.
ఇక చాలు, కరిగింది, అనే థర్మోస్టాట్ ఒకటి, బొత్తామంత బిళ్ళ.
ముగ్గురిలో ఒకరు పని ఎగ్గొడుతున్నారు.
ఇంటి దొంగ.

వంటగదిలో, పొయ్యి పక్కన, మోకాళ్ళ కింద తువ్వాలు వేసుకుని
హీటరుకి మీటరు పెట్టాను: ముప్పై ఓములు. బతికే ఉంది.
బిళ్ళకి పెట్టాను: ఉలుకూ లేదు, పలుకూ లేదు.
దొరికావురా, అనుకున్నాను.

గాండర్‌లో షాపు పిల్ల మోడల్ నంబరు అడిగింది.
తలుపు లోపలి స్టిక్కరుకి పందొమ్మిదేళ్ళు మా మోచేతులు రాసుకుని
చివరి అంకె మూడో ఎనిమిదో తేలలేదు.
టార్చి ఏటవాలుగా పట్టి నేను చూస్తే ఎనిమిది,
అద్దాలు లేకుండా సెల్బీ చూస్తే మూడు.
మూడేనట. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

గాలికి ఫెర్రీ నాలుగు రోజులు రాలేదు.
మా తిండి మూడిళ్ళలో తలదాచుకుంది.
ట్రైఫీనా వదినైతే బేక్‌యాపిల్ పళ్ళ డబ్బాలో సగం ఊడ్చేసి
చోటుకి అద్దె అంది.

కొత్త బిళ్ళ వచ్చింది. బిగించాను.
తొమ్మిదో రోజు రాత్రి
మళ్ళీ ఆ సణుగుడు.

పాతది వరండాలో, మేకుల రేకు డబ్బాలో పడేసి ఉంది.
ఎందుకు తీశానో నాకే తెలీదు,
చేతికి గ్లౌజు కూడా లేకుండా, అక్కడే నిలబడి,
రెండు తీగలకీ మీటరు ముళ్ళు ఆనించాను.
కుయ్‌మంది.
జేబులో కాసేపు వెచ్చబెట్టి మళ్ళీ అడిగాను. మౌనం.
మంచుకుప్పలో గుచ్చి ఉంచి అడిగాను. కుయ్.

అది చలి ఉంటేనే ఔననే జాతి.
నేనేమో పొయ్యి పక్కన కూర్చోబెట్టి నిలదీశాను,
పలకలేదని ముప్పై ఎనిమిది డాలర్ల శిక్ష వేశాను,
అది నాకే పడింది.

ఇక మిగిలింది టైమరు.
స్క్రూడ్రైవరుతో నేను తిప్పితే మంచు కరుగుతోంది,
దానంతట అది తిరగడం మానేసింది.
ఆ నంబరుది ఇప్పుడు తయారు చెయ్యట్లేదంది షాపు పిల్ల,
తన తప్పేదో ఉన్నట్టు, చిన్న గొంతుతో.

ఆంబ్రోస్ కీపింగ్ షెడ్డులో నిలబడి ఉంది మా దాని జోడు.
కంప్రెసరు చచ్చి ఏడేళ్ళు.
అరల్లో పెయింటు డబ్బాలు, ఎండ్రకాయల వల దారాలు,
కూరల డ్రాయరు నిండా మేకులు, సైజుల వారీగా.
కింద జాలీ వెనక, ధూళి కప్పుకుని, టైమరు.
ఎంతిమ్మంటావన్నాను.
చాలాసేపు ఆలోచించాడు.
"నీ చెడిపోయింది తెచ్చి ఇందులో పెట్టు.
బొక్క కనిపిస్తే ఎలకలు దూరతాయి."

అర్ధరాత్రి దాటాక టిక్‌మన్న చప్పుడు.
వెచ్చబడ్డ రేకు వాసన. తరవాత
పళ్ళెంలోకి ఒక్కో చుక్క.
పలక మూసేముందు కొత్త బిళ్ళ పీకేసి పాతదాన్నే పెట్టాను.
పిసినారితనం అన్నాడు సెల్బీ. కావచ్చు.
మరలు ఏడే దొరికాయి.